స్వాగత గీతాలు చాలు, నిలదీసే పాట కావాలి

ప్రతి ఏడాదీ ఆగస్టు 9న మన ఏజెన్సీలో ఒకటే తంతు. షామియానా వేస్తారు. మంత్రిగారు పదకొండింటికి వస్తారంటే మన ఆడపడుచులను తొమ్మిదింటికే ఎండలో వరసగా నిలబెడతారు. కారు కనపడగానే తుడుం మోగాలి, దింసా మొదలవ్వాలి. ఆయన కూడా నాలుగు అడుగులు వేస్తాడు, తలపాగా చుట్టించుకుంటాడు, ఫొటో దిగుతాడు. మర్నాడు పేపర్లో ఆ ఫొటో పెద్దదిగా వస్తుంది. మైకులో ఆయన ఇచ్చిన మాట మాత్రం ఎక్కడో చివరి పేరాలో ఉంటుంది. మరుసటి ఏడాదికి ఆ మాట ఎవరికీ గుర్తుండదు. దింసా మాత్రం మళ్లీ ఆడాల్సిందే.

నేను అడిగేది ఒక్కటే. మన పాట వచ్చినవాళ్లకు స్వాగతం చెప్పడానికేనా? ఇచ్చిన మాట ఏమైందని వాళ్లను అడగడానికి అది పనికిరాదా?

పనికొస్తుందని 1991లో ఒక ఆదివాసీ బడిపంతులు చూపించాడు. ఆయనది మన దేశం కాదు. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఆర్నెమ్ ల్యాండ్‌లో యిర్కాలా అనే ఊరు. పేరు మండావుయ్ యునుపింగు. యోల్ఙు ఆదివాసుల్లో గుమాజ్ వంశంవాడు. ఆయన నడిపిన రాక్ బ్యాండు పేరు యోథు యిండి. ఆ బ్యాండు 1991లో ‘ట్రీటీ’ అనే సింగిల్ విడుదల చేసింది. ట్రీటీ అంటే ఒడంబడిక. సింగిల్ అంటే విడిగా మార్కెట్లోకి తెచ్చే ఒక్క పాట. ఆ ఒక్క పాట ఒక ప్రధానమంత్రి తప్పిన మాటను దేశం మరిచిపోకుండా చేసింది.

“ఆస్ట్రేలియా పాటతో మనకేం పని?” అనే మాస్టార్లు ఉంటారు. పని ఉంది. వాళ్ల కథ కూడా బాక్సైట్ దగ్గరే మొదలైంది.

బెరడు మీద రాసిన అర్జీ

1963లో ఆస్ట్రేలియా ప్రభుత్వం యోల్ఙు వాళ్ల రిజర్వు భూమిలోంచి 300 చదరపు కిలోమీటర్లకు పైగా విడదీసి బాక్సైట్ గనికి కేటాయించింది. అక్కడ బతికేవాళ్లను ఎవరూ అడగలేదు. పెద్దలు కూర్చుని అర్జీ రాశారు. తమ భాషలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి టైపు చేయించి, ఆ కాగితాలను చెట్టు బెరడు మీద అంటించారు. చుట్టూ తమ వంశాల చిత్రాలు గీశారు. అలా రెండు బెరడు అర్జీలు కాన్‌బెర్రాలోని పార్లమెంటుకు వెళ్లాయి. ఆ చిత్రాలు అలంకారం కోసం గీసినవి కావు. ఏ నేల ఏ వంశానిదో చెప్పే గుర్తులవి. మన భాషలో చెప్పాలంటే పట్టా.

పార్లమెంటు విచారణ కమిటీ వేసింది. గని మాత్రం ఆగలేదు. కోర్టుకు వెళ్లారు. యోల్ఙు వాళ్లకు తమదైన చట్టం, కట్టుబాటు ఉన్నాయని 1971 తీర్పులో జడ్జి ఒప్పుకున్నాడు. అయినా ఆ భూమి హక్కును ఆస్ట్రేలియా చట్టం గుర్తించదని చెప్పి కేసు కొట్టేశాడు. మండావుయ్ తండ్రి బెరడు అర్జీల వెనక ఉన్న పెద్దల్లో ఒకడు. అన్న గలార్వుయ్ కోర్టులో పెద్దల మాటలను ఇంగ్లీషులోకి మార్చి చెప్పిన దుబాసీ. అర్జీలు పెట్టుకుని ఓడిపోయిన ఇంట్లో పెరిగిన పిల్లవాడే తర్వాత ఈ పాట కట్టాడు.

ఈ కథలో ఊళ్ల పేర్లు తీసేసి అనంతగిరి అని, గాలికొండ అని, జెర్రెల అని పెట్టి చదవండి. ఏజెన్సీ భూములను ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు సమతా కేసులో తీర్పు ఇచ్చింది. అంత తీర్పు ఉన్నా 2015లో జీవో 97 వచ్చింది. దాన్ని రద్దు చేయించడానికి 2019 దాకా పట్టింది. వాళ్ల కొండదీ మన కొండదీ ఒకటే ఎర్రమట్టి. అక్కడా ఇక్కడా కొండ కింద ఉన్నవాళ్లను అడగకుండానే కొండ మీద కాగితం పుట్టింది.

ప్రధానమంత్రి ఇచ్చిన మాట

1988. తెల్లవాళ్లు ఆస్ట్రేలియాలో దిగి 200 ఏళ్లయిందని దేశమంతా పండుగ చేసుకుంటున్న ఏడాది. ఆ జూన్‌లో బరుంగా అనే చోట ఆదివాసుల ఆటపాటల ఉత్సవం జరిగింది. ప్రధానమంత్రి బాబ్ హాక్ వచ్చాడు. గలార్వుయ్ యునుపింగు, మధ్య ప్రాంతపు పెద్ద వెంటెన్ రుబుంట్జా కలిసి ఆయన చేతికి ఒక ప్రకటన అందించారు. నడుమ రాత, చుట్టూ చిత్రాలు. స్వయంపాలన, భూమి హక్కు, ఒడంబడిక కావాలని అందులో అడిగారు. 1990 నాటికి ఒడంబడిక కుదురుస్తామని హాక్ మాట ఇచ్చాడు.

కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్తగా ఉండదు. మన జనం మధ్య, మన డోళ్ల నడుమ, మైకు ముందు నిలబడి మాట ఇవ్వడం పెద్దవాళ్లకు చాలా తేలిక. జనం చప్పట్లు కొడతారు. దుమ్ము లేపుకుంటూ కార్లు వెళ్లిపోతాయి.

1990 వచ్చింది, వెళ్లింది. ఒడంబడిక రాలేదు. మామూలుగా అయితే ఇంకో అర్జీ పెట్టాలి. యోథు యిండి ఈసారి పాట పెట్టింది.

పాట ఎలా కట్టారు

మండావుయ్ అప్పటికే యిర్కాలా బడిలో టీచరు. ఆర్నెమ్ ల్యాండ్ ఆదివాసుల్లో యూనివర్సిటీ డిగ్రీ అందుకున్న మొదటివాడు. 1990లో ఆ బడికే ప్రిన్సిపాల్ అయ్యాడు. తెల్ల చదువూ యోల్ఙు చదువూ రెండూ సమానంగా నడవాలని ఆయన పట్టుబట్టాడు. దానికి తమ భాషలోని ‘గన్మా’ అనే మాట వాడేవాళ్లు. మంచినీళ్ల ఏరు, ఉప్పునీళ్ల సముద్రం కలిసేచోటు అని అర్థం. రెండు నీళ్లూ కలుస్తాయి, ఏదీ రెండోదాన్ని మింగేయదు.

బ్యాండు కూడా అలాగే పుట్టింది. 1986లో స్వాంప్ జాకీస్ అనే తెల్లకుర్రాళ్ల బ్యాండు, యోల్ఙు పాటగాళ్లు ఒకటయ్యారు. యోథు యిండి అంటే బిడ్డ, తల్లి. యోల్ఙు లోకమంతా దువా, యిరిచ్చా అని రెండు సగాలు. పెళ్లి ఒక సగంవాళ్లకూ రెండో సగంవాళ్లకూ మధ్యే జరగాలి. అందుకే తల్లిది ఒక సగం, బిడ్డది ఇంకో సగం. మన గోండుల్లో, కోయల్లో గట్టు వరస తప్పి పెళ్లి చేసుకోకూడదని చెప్పే పెద్దవాళ్లకు ఈ పేరు వెంటనే అర్థమవుతుంది.

‘ట్రీటీ’ని ఒక్కడు కూర్చుని రాయలేదు. మండావుయ్‌తో పాటు బ్యాండు సభ్యులూ, తెల్లవాళ్లలో పేరున్న పాటగాడు పాల్ కెల్లీ, మిడ్‌నైట్ ఆయిల్ బ్యాండు గాయకుడు పీటర్ గ్యారెట్ కలిసి కట్టారు. తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న అంధ గాయకుడు గురుముల్ పేరు కూడా రాసినవాళ్లలో ఉంది. ఇంగ్లీషు భాగం సూటిగా ఉంటుంది. పాలకుల మాటలు రేడియోలో, టీవీలో వినడం, అవి నీటిమూటలు కావడం, భూమి హక్కు ఎన్నడూ చేతులు మారలేదనడం. రెండో భాగం గుమాజ్ భాషలో ఉంటుంది. గిటారు, డ్రమ్ముల పక్కనే బిల్మా అనే తాళపు కర్రలు, యిడాకీ అనే పొడవాటి కర్రబూర మోగుతాయి.

మన పిల్లలకు ముఖ్యంగా చెప్పాల్సిన సంగతి ఇక్కడుంది. గుమాజ్ భాగానికి వాళ్లు తీసుకున్న బాణీ జాట్‌పంగారి అనే రకం. మిషన్ రోజుల్లో యిర్కాలా కుర్రాళ్లు సరదాగా కట్టుకుని ఆడుకున్న పాటలవి. తెగకు పవిత్రమైన పాటలు వేరు. వాటికి హక్కుదార్లు వేరు, సందర్భాలు వేరు. ఏ పాట బజారులోకి రావచ్చో, ఏది రాకూడదో తెలిసి ఎంచుకున్నారు. మన దగ్గర డోలీలు పడిగె విప్పి చెప్పే వేల్పుల కథను, ప్రధాన్లు కీక్రీ మీద పాడే పెర్సాపేన్ పాటను అధికారుల ముందు మూడు నిమిషాల ‘ఐటమ్’గా కుదించమంటే ఒప్పుకుంటున్నాం. పొలంలో, పెళ్లిలో, సంతదారిలో కుర్రకారు పాడుకునే పాటలను మాత్రం పాటలే కాదనుకుంటున్నాం. యోథు యిండి దీనికి సరిగ్గా తిరగేసి చేసింది. మనమూ అదే చేయాలి. వేల్పు పాట వేల్పు దగ్గరే ఉండనివ్వండి. కుర్రాళ్ల పాటను మైకు ముందుకు తీసుకురండి.

ఆడించిన పాట, అడిగిన పాట

1991 జూన్‌లో వచ్చిన మొదటి సింగిల్ పెద్దగా అమ్ముడుపోలేదు. తర్వాత మెల్‌బోర్న్‌లో ఫిల్తీ లూకర్ అనే పేరుతో పనిచేసే డీజేలు దాన్ని డాన్సు పాటగా రీమిక్స్ చేశారు. బ్యాండు కూర్చుని చేసిన పని కాదది. ఇంగ్లీషు చరణాలు చాలావరకు తీసేశారు. గుమాజ్ మాటలు, బిల్మా, యిడాకీ ఉంచారు. అది ఆస్ట్రేలియా చార్టుల్లో 11వ స్థానం దాకా వెళ్లింది, అమెరికా డాన్సు క్లబ్బుల్లోకీ వెళ్లింది. ఒక ఆదివాసీ భాషలోని పాటకు ఆ దేశంలో అంతటి ఆదరణ అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

ఇందులో సంతోషించాల్సిందీ ఉంది, అనుమానించాల్సిందీ ఉంది. తమ భాష మోటుదని చిన్నప్పటినుంచి విన్న పిల్లలు ఆ భాషను రేడియోలో విన్నారు. అది చిన్న సంగతి కాదు. కానీ క్లబ్బులో ఆడినవాళ్లకు గుమాజ్ రాదు. వాళ్లకు అర్థమయ్యే భాషలో ఉన్న నిలదీత చాలావరకు కత్తిరింపులో పోయింది. దరువు మిగిలింది. ఆదివాసీ దరువు అందరికీ కావాలి, ఆదివాసీ ప్రశ్న ఎవరికీ అక్కర్లేదు. ఇది ఆ ఒక్క దేశపు జబ్బు కాదు. మన రేల పాట బాణీ మీద వేరే మాటలు పెట్టి సినిమాల్లో, డీజే బాక్సుల్లో వాయిస్తే మనమే ఎగిరి గంతేస్తున్నాం. ఆ పాట ఎవరిది, ఏ ఊరిది, దాని అసలు మాటలేమిటని ఒక్కరం అడగం.

అయితే యోథు యిండి ఒక తెలివైన పని చేసింది. పాట పేరును వదల్లేదు. రీమిక్స్‌లో ఎంత కత్తిరించినా దాని పేరు ‘ట్రీటీ’గానే ఉంది. రేడియోలో పాట పేరు చెప్పిన ప్రతిసారీ ఎగ్గొట్టిన మాట పేరు చెప్పినట్టే అయింది. పాట కట్టేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఎవరు ఎంత కత్తిరించినా పోని చోట అసలు సంగతి పెట్టాలి.

పాటతో ఏమొచ్చింది?

ఈ ప్రశ్న వేస్తారని తెలుసు. తప్పించుకోను. 1992లో ఆ పాట ఆస్ట్రేలియా సంగీత పరిశ్రమ ఇచ్చే ఏరియా అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ గీతంగా నిలిచింది. మండావుయ్‌ను 1992 సంవత్సరానికి ‘ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్’ అన్నారు. 1991 డిసెంబరులో హాక్ పదవి దిగిపోయే రోజున బరుంగా ప్రకటనను పార్లమెంటు గోడకు తగిలించాడు. అడిగింది ఒడంబడిక, దొరికింది గోడమీద పటం. ఆ దేశపు కేంద్ర ప్రభుత్వం నేటికీ ఆదివాసులతో ఒడంబడిక చేసుకోలేదు. పార్లమెంటుకు సలహా చెప్పే ఒక ఆదివాసీ సంఘం రాజ్యాంగంలో ఉండాలా అని 2023 అక్టోబరులో ప్రజల ఓటు అడిగితే అరవై శాతం మంది వద్దన్నారు. మండావుయ్ 2013లో కిడ్నీ జబ్బుతో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 56.

బడి సంగతి ఇంకా దారుణం. అవార్డులిచ్చిన ఆ దేశంలోనే, ఆయన ప్రాంతపు ప్రభుత్వం 1998లో ఆదివాసీ భాషల బోధనను ఆపేస్తామని ప్రకటించింది. 2008లో బడిలో మొదటి నాలుగు గంటలూ ఇంగ్లీషులోనే చెప్పాలని హుకుం జారీ చేసింది. పాటకు చప్పట్లు కొట్టిన చేత్తోనే బడిలో ఆ పాట భాషకు తాళం వేయబోయారు.

మన దగ్గర గుస్సాడి కనకరాజుగారికి 2021లో, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. గర్వపడ్డాం, పడాలి. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ల పాట ఏ బడిలో పాఠంగా ఉంది? పతకం పెట్టడం పాలకులకు చవక. మాట నిలబెట్టుకోవడం ఖరీదు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే మనం పతకంతోనే సరిపెట్టుకుంటాం.

మరి పాటతో వచ్చిందేమిటి? మరుపు రాలేదు. అదీ లాభం. ప్రధానమంత్రులు ఎన్నికల్లో ఎన్నో మాటలిస్తారు, అన్నీ గాలికి పోతాయి. బరుంగా మాట పోలేదు. మూడు దశాబ్దాలు దాటినా ఒడంబడిక అనగానే అక్కడివాళ్లకు ఆ పాట గుర్తొస్తుంది. గని కోసం తమ భూమి హక్కును తుడిచేసినందుకు కేంద్ర ప్రభుత్వం న్యాయమైన పరిహారం కట్టాలని గలార్వుయ్ కేసు వేశాడు. 2025 మార్చిలో ఆస్ట్రేలియా హైకోర్టు గుమాజ్ వాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. అక్కడ అదే అన్నింటికీ పై కోర్టు. గలార్వుయ్ ఆ తీర్పు చూడలేదు, 2023లోనే పోయాడు. ఈ గెలుపు పాట వల్ల వచ్చిందని నేను అనను. 1963 అర్జీ నుంచి 2025 తీర్పు దాకా పోరాటాన్ని ఒక తరం ఇంకో తరానికి అందించింది. ఆ అందించడంలో పాట ఒక చెయ్యి వేసింది.

మన దగ్గర కాగితాలున్నాయి

యోల్ఙు వాళ్లకు ఒడంబడిక లేదు, అందుకే దాన్ని అడిగారు. మన పరిస్థితి వేరు. రాజ్యాంగంలో ఐదో షెడ్యూలు ఉంది. 1/70 చట్టం ఉంది. 1996 పెసా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. సమతా తీర్పు ఉంది. కాగితాల్లో మనంత ధనవంతులు లేరు. కొరత కాగితం అమలయిందా అని అడిగే గొంతుకే.

జీవో 3 చూడండి. ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ ఆదివాసులకే అని 2000లో వచ్చింది. మన భాష వచ్చిన మాస్టారు మన బడిలో ఉండాలన్నది దాని ప్రాణం. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ఎన్ని వేదికల మీద ఎంతమంది “మళ్లీ తెస్తాం” అన్నారు? ఆ మాటలన్నీ ఎక్కడ రాసి ఉన్నాయి? డీఎస్సీకి చదువుతున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లలో ఎంతమందికి ఆ తేదీలు తెలుసు? యోల్ఙు పిల్లలకు బరుంగా తెలిసినట్టు మన పిల్లలకు జీవో 3 తెలియాలంటే దాని మీద పాట ఉండాలి. కోయలో, కువిలో, సవరలో, గోండిలో ఉండాలి.

“ఆ భాషలో పాడితే ఎవరికి అర్థమవుతుంది?” అంటారు కొందరు. మొదట మనకు అర్థమవుతుంది. బయటివాడికి అర్థం కావాల్సిన ముక్క తెలుగులో పెట్టండి, ఇంగ్లీషులో పెట్టండి. యోథు యిండి చేసింది అదే. ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వేసి, ఆ భాష వచ్చినవాళ్లను బడికి పంపిన రోజులు మనమూ చూశాం. ఆ వాచకాలు ఇప్పుడు ఎన్ని బడుల్లో తెరుస్తున్నారో టీచర్లుగా మీకే తెలుసు.

గిటారు వద్దనేవాళ్లకు, డీజే చాలనేవాళ్లకు

గిటారు పట్టుకుంటే ఆదివాసీతనం పోతుందనే పెద్దలు మనలో ఉన్నారు. వాళ్లకు నా మనవి: సెల్‌ఫోను పట్టుకుంటే పోని ఆదివాసీతనం గిటారుకు పోదు. యోథు యిండిలో యిడాకీ గిటారుకు జాగా ఇచ్చింది, తన జాగా వదులుకోలేదు. భయపడాల్సింది వాయిద్యం గురించి కాదు, పాట ఎవరి చేతిలో ఉందన్న దాని గురించి.

మన పాట పాతదైపోయిందని, డీజే ఉంటే చాలని కుర్రాళ్లంటున్నారు. తమ్ముడూ, ఆ డీజే బాక్సులో నీ ఊరి పేరు ఎన్నిసార్లు వినిపించింది? నీ ఊరికి రోడ్డు వేస్తామని మాట ఇచ్చిన వాడి పేరు వినిపించిందా? గర్భిణిని డోలీ కట్టి మోసుకెళ్లిన దారి మీద ఎవరైనా పాట కట్టారా? ఆ పాట నువ్వు తప్ప ఎవరూ కట్టరు. మోరి, కిరిడి, తుడుం నీ ఇంట్లోనే ఉన్నాయి. రికార్డు చేయడానికి ఫోను నీ జేబులోనే ఉంది. లేనిది తీరిక అంటావేమో. రీల్సు చూసే తీరిక ఉంది కదా.

చేయాల్సిన పని

టీచర్లకు ముందు చెబుతాను. ‘ట్రీటీ’ని తరగతిలో వినిపించండి. బరుంగా ఎక్కడుందో పటంలో చూపించండి. తర్వాత పిల్లలను ఒక పని చేయమనండి: తమ ఊరికి ఎవరు, ఏ రోజున, ఏ మాట ఇచ్చారో అవ్వనూ తాతనూ అడిగి రాసుకురమ్మనండి. ఒక్కో ఊరికి ఒక నోటుబుక్కు. అందులోంచి ఒక మాట తీసుకుని, తమ భాషలో, తమకు తెలిసిన ఆట పాట బాణీలో నాలుగు చరణాలు కట్టమనండి. పాట పేరులోనే ఆ మాట ఉండాలి. ఎవరి బాణీ అయితే వాళ్ల పేరు, ఊరు కింద రాయాలి. పెద్దలు వద్దన్న పాటను ముట్టుకోకూడదు.

యువతకు: వచ్చే ఆగస్టు 9న మీ ఊరి జట్టును ఎండలో నిలబెట్టనివ్వకండి. ఆడతామని చెప్పండి, కానీ మంత్రిగారు కుర్చీలో కూర్చున్నాక ఆడతామని చెప్పండి. మొదటి పాటలో నిరుడు ఇచ్చిన మాట, ఇచ్చిన తేదీ రావాలి. మైకు ఆపేస్తారు. ఆపేయనివ్వండి. తుడుంకు మైకు అక్కర్లేదు.